పొయ్యి పక్కన చేపపిల్లలు

కుళ్లిన క్యాబేజీ ఆకు వాసన మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. తెలియకపోతే అదృష్టవంతులు. పచ్చడి సీసాలో నీళ్లు పోసి, అందులో ఒక క్యాబేజీ ఆకు వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, అది కుళ్లడం కోసం ఎదురుచూసే ఇంట్లో నేను ఒక చలికాలమంతా గడిపాను. మరిచిపోతే కుళ్లిన ఆకు కాదది, కుళ్లాలని కోరి పెట్టిన ఆకు. ముందు నీళ్లు తెల్లబడతాయి. కంపు వంటింట్లోంచి బయల్దేరి ఇల్లంతా తిరుగుతుంది. కొన్నాళ్లకి నీళ్లు మళ్లీ తేటపడతాయి. అప్పుడు సీసాని వెలుతురులో పట్టి చూస్తే దుమ్ములాంటిదేదో కదులుతూ ఉంటుంది. గుడ్డులోంచి అప్పుడే బయటపడిన చేపపిల్ల నోటికి పట్టే తిండి అదొక్కటేనట.

ఆ సీసా పెట్టింది మా చెల్లి. "పారబోసీనా?" అని రోజూ అడిగేదాన్ని. "ముట్టకక్కా, ఇంకా అవనేదు," అనేది. టీ గ్లాసు పట్టుకుని, ఆ సీసా పెట్టిన కిటికీ పక్కగా కూడా వెళ్లలేకపోయేదాన్ని. చివరికి చలిలో వీధరుగు మీద కూర్చుని తాగడం అలవాటు చేసుకున్నాను.

నేను పుట్టుకతోనే అసహ్యాల మనిషిని. పాల మీద తొరక కనిపిస్తే గ్లాసు పక్కన పెట్టేస్తాను. తూముకి చుట్టుకున్న వెంట్రుకలు కంటపడితే ఆ పూట అన్నం సయించదు. హుకుంపేట నుంచి కొండల్లోకి వెళ్లే దారిలో ఉంటుంది మా ఊరు. ఆ ఊరి బడిలోనే చిన్నపిల్లలకి పాఠాలు చెబుతాను. పొద్దస్తమానం కారే ముక్కులు తుడవడమే సగం ఉద్యోగం. ఇన్నేళ్లయినా అలవాటు పడలేదు. నేను పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లకి అమ్మ ఇదే కారణం చెబుతుంది. "దానికి ఒకలి ఎంగిలంటే పడదు, ఇంకేటి పెళ్లి?" అంటుంది. అలాంటి నా ఇంట్లో చేపల పెంపకం మొదలైంది.

అది ఎలా మొదలైందో చెప్పాలంటే తొలకరి వానల దగ్గరికి వెళ్లాలి. చెల్లి అప్పుడు విశాఖపట్నంలో అత్తారింట్లో ఉంది. నెలలు నిండకముందే కాన్పయింది. ప్రాణం లేని బిడ్డ పుట్టింది. అమ్మ ముందే వెళ్లి అక్కడ ఉంది. నాకు కబురంది, రైలెక్కి, ఆసుపత్రికి చేరేసరికి చెల్లి పడుకున్న గది బయట చెల్లి మొగుడు, మా మరిది, చేతుల్లో తువ్వాలు మూట ఉంది. ఇరువైపుల పెద్దవాళ్లూ చుట్టూ నిలబడి ఒక్క మాట మీద ఉన్నారు. తల్లికి చూపించకూడదు. చూస్తే బెంగ పెట్టుకుంటుంది, మళ్లీ కడుపు నిలవదు. తండ్రి కూడా విప్పి చూడకూడదు, తీసుకెళ్లి పూడ్చి రావాలి, అంతే. నన్నెవరైనా ఆపేలోపే నేను తువ్వాలు తప్పించి చూశాను. "ఏటే ఆ పని? బుద్దుందా నీకు?" అని అమ్మ అరిచి నా చెయ్యి లాగేసింది. మరిది మూట తీసుకుని వెళ్లిపోయాడు. అలా నేను చూశాను. కన్నది మాత్రం చూడలేదు.

తర్వాత చెల్లిని మా ఊరు తెచ్చుకున్నాం. ఆ సంగతి ఇంట్లో ఎత్తడానికి వీల్లేదని అమ్మ కట్టడి చేసింది. "ఎత్తకపోతే మరిసిపోద్ది," అని ఆవిడ నమ్మకం. చెల్లి గోడవైపు తిరిగి పడుకునేది. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఒకసారి నేనే తెగించి, "ఒలే, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టబోయాను. లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. చీకటిపడేదాకా కాఫీ మొక్కల మధ్యే కూర్చుంది. ఇక నేను ఎత్తలేదు. అది నోరు తెరిచి అడగాలి, లేదా ఏడవాలి, పోనీ మమ్మల్ని తిట్టాలి. నాకు కావలసిందల్లా అదొక్కటే. అది జరగకపోతే ఈ పిల్ల మనకి దక్కదని భయం పట్టుకుంది.

వానలు వెనకపట్టాక మరిది వచ్చాడు. బిడ్డ పోయాక మా ఇంటికి రావడం అదే మొదలు. వస్తూ ఏం తెచ్చాడనుకున్నారు? చేపల తొట్టి. చిన్న గాజు తొట్టి, గాలి నింపి మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో రంగు చేపలు. బొర్రా దగ్గర సొరంగాల్లో రైలు వెళుతున్నంతసేపూ సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడట. ఆ సంగతి మాకు గొప్పగా చెప్పాడు. "ఫోన్లో సూసేను వొదినా. సేపల్ని సూత్తా ఉంటే మనసు కుదుటపడతాదంట," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెల్లి మంచం పట్టె మీద కూర్చున్నాడు. చేపలకి ఎంత మేత వెయ్యాలో, నీళ్లు ఎలా మార్చాలో చెప్పాడు. బిడ్డ గురించి ఒక్క ముక్క లేదు. అన్నం తింటున్నంతసేపూ తల ఎత్తలేదు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. అతను ఉన్నంతసేపూ గుమ్మం దగ్గర అతని చెప్పులు అటూ ఇటూ పడి ఉండటం చూసి కూడా నాకు అసహ్యం వేసింది. ఆ రోజు అతనిలో నాకు నచ్చింది ఒక్కటీ లేదు.

తొట్టిని చెల్లి మంచం ఎదురుగా బల్ల మీద పెట్టాం. అది గోడవైపు కాకుండా తొట్టివైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. పోనీలే, అదీ ఒక మార్పే అనుకున్నాను. కానీ ఆ వాసన! చేపల కూర వాసనైతే నాకు అభ్యంతరం లేదు, తింటాను. ఇది నాచు పట్టిన రాయి మీద ఎవరో తడిగుడ్డ మరిచిపోయి వెళ్లినట్టుండే వాసన. అవి తిన్న నీళ్లలోనే విసర్జిస్తాయి, విసర్జించిన దాన్ని మళ్లీ నోట్లో వేసుకుని చూసి ఉమ్ముతాయి. అందమైన చేపలట. అందం సంగతి దూరం నుంచి చూసేవాళ్లని అడగాలి.

ఒక రోజు బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి, "అక్కా, బేగి రా!" అని కేక వినిపించింది. ఆ గొంతులో అంత బలం విని ఎన్నాళ్లయిందో. ఒక చెప్పుతోనే లోపలికి పరిగెత్తాను. చెల్లి మోకాళ్ల మీద కూర్చుని ముక్కు గాజుకి ఆనించి ఉంది. పొట్ట ఉబ్బి ఉన్న గప్పీ చేప ఒకటి పిల్లల్ని పెడుతోంది. గప్పీలు గుడ్లు పెట్టవనీ, ఏకంగా పిల్లల్నే కంటాయనీ నాకు అప్పుడే తెలిసింది. దారపు పోగంత ఒళ్లు, దానికి రెండు నల్ల చుక్కల్లా కళ్లు. ముడుచుకుని బయటపడుతోంది, విప్పుకుని ఈదుతోంది. బాగుందే అని నేను అనుకునేలోపు ఆ తల్లి చేప వెనక్కి తిరిగింది. తను కన్న పిల్లని నోట్లో వేసుకుంది. మరొకటి బయటపడింది. దాన్నీ మింగింది.

ఇలాంటిది చూస్తూ మా చెల్లి కూర్చోవడం నేను చూడలేకపోయాను. తొట్టిని రెండు చేతులా పట్టుకున్నాను. పెరట్లో పారబోసి గాజుముక్కలు చేసేద్దామనే ఉంది. చెల్లి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఒగ్గీ అక్కా. దానికి తెల్దు. దాని పిల్లలని దానికి తెల్దు," అంది. "బియ్యం కడిగే సిల్లుల గిన్నె తే. బేగి."

తెచ్చాను. ఆ గిన్నెని తొట్టి అంచుకి పురికొసతో కట్టి నీళ్లలోకి దించింది. తల్లి చేపని చేత్తోనే పట్టి అందులో వేసింది. మిగతా చేపల్ని ఎత్తి బిందెలోకి మార్చేసింది. తర్వాత పుట్టిన పిల్లలు గిన్నె చిల్లుల్లోంచి కిందకి జారిపోయాయి, తల్లి పైనే ఉండిపోయింది. చెల్లి చీర ముందంతా తడిసింది. దాని మొహం మీద రంగు కనిపించింది. నా బియ్యం గిన్నె మాత్రం మళ్లీ వంటింటి ముఖం చూడలేదు.

అక్కడి నుంచి చెల్లికి చేపల పిచ్చి పట్టుకుంది. మా ఊళ్లో ఫోను సిగ్నల్ అందాలంటే బడి వెనక ఉన్న బండ ఎక్కాలి. ఊరందరి ఏడుపులూ నవ్వులూ పెళ్లి బేరాలూ గట్టిగా వినిపించేది అక్కడే. మంచం దిగని మా చెల్లి రోజూ ఆ బండ ఎక్కి చేపల వీడియోలు చూసి రావడం మొదలుపెట్టింది. దిగొచ్చి చెప్పేది. పిల్లలకి ఉడకబెట్టిన గుడ్డులో పచ్చసొన గుడ్డలో కట్టి నీళ్లలో పిండాలట. నీళ్లు పాడవకుండా అడుగున చేరిన మడ్డిని సన్న గొట్టంతో నోటితో పీల్చి బయటికి వదలాలట. నోటితో! ఒకసారి మడ్డి నోట్లోకే వచ్చింది. ఉమ్మేసి, నవ్వి, మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకుంది. నవ్విందన్న సంతోషం ఒకపక్క, నాకు ఆ రాత్రి అన్నం దిగకపోవడం ఒకపక్క.

తర్వాత ఫైటర్ చేపలు కావాలంది. వాటిని పెంచడం కష్టమట, అందుకే కావాలట. మొగుడితో ఫోన్లో మాట్లాడని మనిషి ఆ జత కోసం అతనికి మెసేజ్ పెట్టింది. అతను మర్నాడే తెచ్చి ఇచ్చేసి, టీ తాగి, మళ్లీ అలాగే తల దించుకుని వెళ్లిపోయాడు. మగది ముదురు నీలం. ఆడది పాలిపోయిన రంగు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో తక్కువ నీళ్లు పోసి రెండింటినీ వదిలింది.

ఆ సంసారం చూసి అమ్మే నివ్వెరపోయింది. మగది నీటి మీద నోటితో బుడగలు ఊది ఊది నురగ గూడు కట్టింది. అమ్మ వంగి చూసి, "ఏటే అది, ఉమ్మా?" అంది. ఉమ్మే. ఆ తర్వాత ఆడదాన్ని టబ్బంతా తరిమి దాని రెక్కలు పీలికలు చేసింది. గుడ్లు పడుతుంటే నోటితో ఏరుకుని ఒక్కొక్కటే ఆ నురగలోకి ఉమ్మింది. గుడ్లయ్యాక ఆడదాన్ని వెంటనే తీసేయాలి, ఉంటే గుడ్లు తినేస్తుంది. కొన్నాళ్లు మగది కాపలా కాస్తుంది, కిందకి జారిన పిల్లని నోటితో పట్టి మళ్లీ గూట్లో పెడుతుంది. పిల్లలు సొంతంగా ఈదడం మొదలుపెట్టాక దాన్నీ తీసేయాలి. అది కూడా తినేస్తుంది.

"తల్లీ అక్కర్లేదు, తండ్రీ అక్కర్లేదు. మరెవలు సూత్తారే వీటిని?" అన్నాను.

"నేను సూత్తాను," అంది చెల్లి.

ఆ చూడటంలో భాగంగానే క్యాబేజీ సీసా వచ్చింది. దాని వెనకే ఇంకో ఘోరం వచ్చింది. పెద్ద చేపలు బలంగా ఉండాలంటే బతికున్న పురుగులు వెయ్యాలట. ఒక శుక్రవారం నేను బడిపిల్లల్ని వెంటబెట్టుకుని ఊరంతా తిరిగాను. మలేరియా అంటే మా కొండల్లో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే, అందుకని ప్రతి శుక్రవారం నిలవనీళ్లు పారబోయించడం మా పని. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు తిరగేయించాను, నీళ్లు నిలవ పెట్టిన వాళ్లని కేకలేశాను. గొంతు పోయి ఇంటికొచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే, మునగచెట్టు కింద గోనెసంచి కప్పిన బకెట్ కనిపించింది. సంచి తీశాను. నీళ్ల నిండా దోమ పురుగులు. మెలికలు తిరుగుతూ, తలకిందులుగా వేలాడుతూ, నా నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా కిందకి దిగాయి.

"ఏటి సేత్తన్నావే నువ్వు? ఊరికి జొరాలు తెత్తావేటి?" అని అరిచాను.

"ఎగరనిత్తానా ఏటి? రెక్కలు రాకముందే తీసి ఏసేత్తన్నాను కదా. సంచి తీసింది నువ్వు," అంది అది నింపాదిగా. నాతో వాదించింది! నేను తిట్టడం మానేసి ఆ బకెట్‌ని నా చేత్తోనే తిరగేశాను. అది రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అంతకుముందు నెలల తరబడి మాట్లాడకపోవడం వేరు, ఇది వేరు. ఇది కోపం. కోపం వచ్చిందంటే మనిషి లోపల ఉన్నట్టే అని నాకు లోలోపల ధైర్యం వచ్చింది. అయినా దోమల బకెట్‌కి మాత్రం ఒప్పుకోలేదు.

ఫైటర్ పిల్లలు ఈదుతూ తిరుగుతున్న రోజుల్లో చలి దిగింది. మా దగ్గర చలి అంటే పొద్దున్న బిందెలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. మంచు గుమ్మం దాటి లోపలికి వస్తుంది. ఆ చేపలకి వెచ్చటి నీళ్లు కావాలి. నీళ్లు వేడిచేసే కరెంటు కడ్డీ ఒకటి ఉంటుందట గానీ, మా ఊరి కరెంటుని నమ్ముకుంటే అవి ఒక్క పూట కూడా బతకవు. పిల్లలు టబ్బు అడుగున కదలకుండా పడి ఉండటం చూసి చెల్లి మళ్లీ మాట మానేసింది. ఆ మౌనం చూసి భయపడింది నేనొక్కదాన్నే కాదు.

టబ్బుని పొయ్యి దగ్గరికి మార్చింది అమ్మ. గ్యాసు ఉన్నా అమ్మ కట్టెల పొయ్యి ఆర్పదు. ఆ పొయ్యి పైన అటక ఉంది. ఏటా చోడి, అంటే రాగి విత్తనం, సామ విత్తనం ఎండిన ఆనపకాయ బుర్రల్లో పోసి అక్కడే దాస్తుంది. మొక్కజొన్న పొత్తులు జతలుగా కట్టి దూలానికి వేలాడదీస్తుంది. పొగ పట్టి అన్నీ నల్లగా నిగనిగలాడుతుంటాయి. మళ్లీ నాట్ల దాకా వాటికి పురుగు పట్టదు, చెమ్మ తగలదు. మా కొండ మీద ఏ ఇంట్లోనైనా విత్తనం బతికేది అక్కడే. "ఇయ్యీ ఇత్తనాలే కదేటి. ఇక్కడుంటే సలికి సావవు," అంది అమ్మ. చెల్లికి కూడా అది సబబే అనిపించింది. పొయ్యికి మూరెడు దూరంలో టబ్బు పెట్టారు.

నిజంగానే పిల్లలు లేచాయి. వెచ్చదనానికి ఎగబడి తిన్నాయి, పెరిగాయి. అమ్మ పొయ్యి ఊదుతూ వాటితో మాట్లాడేది. "తినండర్రా, తినండి. మీయమ్మలాగ నీరసంగుంటే ఎలగ?" అనేది. మీయమ్మ అని ఎవరిని అంటోందో అర్థమై నేను తల తిప్పుకునేదాన్ని. చెల్లి వినీ విననట్టు నవ్వేది. నాకు మాత్రం అన్నం వండే చోట చేపల కంపు ఎక్కి, తాలింపు వాసన కూడా నీచు కొట్టేది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే కూర కలిపేదాన్ని.

ఒక పొద్దున వంటింట్లోకి వెళ్లేసరికి టబ్బులో తెల్లగా ఏవో తేలుతున్నాయి. పిల్లలు. రాత్రి దాకా ఈదినవే. కొన్ని ఇంకా పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, జారిపోతున్నాయి. నీళ్ల మీద పలచగా నూనెలాంటి పొర, అందులో పొయ్యి వెలుగు పడి రంగులు మెరుస్తున్నాయి. అటక మీద మసి, పొగలో జిడ్డు, అన్ని రోజులుగా నీళ్ల మీద పేరుకున్నాయి. చెల్లి శాలువా కప్పుకుని మంచులోనే బండ ఎక్కి దిగొచ్చింది. ఈ జాతి చేపలు ఒక వయసొచ్చాక నీటి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయట. పైన పొర ఉంటే గాలి అందదట. విత్తనాన్ని కాపాడే పొగే వీటికి ఊపిరి ఆపేసింది. అమ్మ ఆ మాట విని పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి, పీట మీద కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మా సిన్నమ్మ వచ్చింది. అమ్మకి చెల్లెలి వరస, పక్క వీధిలో ఉంటుంది, చలికాగడానికి రోజూ మా పొయ్యి దగ్గరికే వస్తుంది. టబ్బులోకి తొంగి చూసింది. బుగ్గ నొక్కుకుంది.

"ఓలమ్మ, అన్నీ పోనాయేటి? నాను అనుకుంతానే ఉన్నాను. కొందరి సెయ్యి అంతేనమ్మా. పిల్లలు నిలవవు ఆ సేతిలో," అంది.

టబ్బు ముందు కూర్చున్న చెల్లికి వినపడేంత దగ్గర్లో నిలబడి అంది. జాలి పడుతున్నట్టు మొహం పెట్టి మరీ అంది. క్యాబేజీ కంపు, దోమల బకెట్, పిల్లల్ని మింగిన గప్పీ, నేను ఇన్ని నెలలుగా అసహ్యించుకున్నవన్నీ ఆ మాట ముందు నాకు మంచి గంధంలా తోచాయి. సిన్నమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం బయట వదిలాను. "మా పొయ్యి ఆరిపోనాది. ఎల్లు," అన్నాను. పెద్దావిడతో అలా మాట్లాడొచ్చా అని ఆ రోజు ఊరంతా అనుకున్నారు. అనుకోనీ.

లోపలికి వచ్చేసరికి చెల్లి అలాగే కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చెంచాతో చచ్చిన పిల్లల్ని తీసి పక్కన పరిచిన అడ్డాకు మీద పెడుతోంది. ఒక్కొక్కటే తీస్తోంది. తీసిన ప్రతిదాన్నీ కిటికీ వెలుతురు వైపు తిప్పి, వంగి, చూసి, అప్పుడు ఆకు మీద దించుతోంది. ఆ తెల్లటి ఒళ్లు, ఊడిపోతున్న తోకలు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"వల పెట్టి ఒక్కసారే దేవి పారెయ్యకూడదేటే? సచ్చినవాటిని ఏటలగ సూత్తన్నావు?"

"సూడనీ అక్కా," అంది, తల ఎత్తకుండా. "దాన్ని నాకు సూపించనేదు కదా."

పీట మీద అమ్మ కదిలింది. నేను నేల మీద కూర్చుండిపోయాను.

"నువ్వు సూసినావు. అమ్మ నిన్ను తిట్టడం నాకు లోపలికి వినపడింది," అంది చెల్లి.

"సూసినాను."

చెంచా చేతిలోనే ఉంది. ఇంకో పిల్లని తీస్తూ అడిగింది. "గుంటా? గుంటడా?"

ఆ మాత్రం కూడా ఎవరూ చెప్పలేదు దానికి. మగబిడ్డంటే ఒకలా ఏడుస్తుంది, ఆడబిడ్డంటే ఇంకోలా ఏడుస్తుంది అని పెద్దవాళ్లు ఆలోచించి, బిడ్డ అని మాత్రమే చెప్పి ఊరుకున్నారు. ఇన్ని నెలలుగా ఇది గోడవైపు తిరిగి ఎవరి గురించి బెంగపడాలో కూడా తెలియక బెంగపడింది. ఛీ, ఏం మనుషులం అనిపించింది.

"గుంటే, ఆడపిల్ల," అన్నాను.

"ఎలాగుంది?"

అమ్మ వైపు చూశాను. వద్దనలేదు. చెప్పాను. జుట్టు ఒత్తుగా ఉందనీ, తడిసి నుదుటికి అంటుకుని ఉందనీ చెప్పాను. పెదాలు నల్లబడ్డాయని కూడా చెప్పాను, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. గుప్పిళ్లు రెండూ మూసే ఉన్నాయి. ఎడమ చెవి పైఅంచు లోపలికి మడిచి ఉంది. చెల్లి చెంచా కింద పెట్టి తన ఎడమ చెవి పట్టుకుంది. దానిదీ అలాగే ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ నూనె రాసి ఎంత సాగదీసినా విప్పుకోలేదు.

"నీకు అసయ్యమేసిందా?" అని అడిగింది. నా సంగతి దానికి తెలుసు.

"నేదు," అన్నాను. నిజమే. తువ్వాలు నెత్తురుతో తడిసి ఉంది, ఆ ఒంటి మీద ఇంకా కడగని జిడ్డు ఉంది. పాల మీద తొరక చూడలేని నాకు ఆ క్షణం ఏ అసహ్యమూ కలగలేదు. ఇంకాసేపు చూడాలనిపించింది. అమ్మ చెయ్యి లాగకపోతే ఎత్తుకునేదాన్ని.

అప్పుడు ఏడ్చింది చెల్లి. మోకాళ్లలో తల పెట్టుకుని, గొంతెత్తి, వీధిలోకి వినపడేలా ఏడ్చింది. "మరిసిపోతావనుకున్నానే తల్లీ," అంది అమ్మ. అమ్మ లేచి గోడకి దోపిన అడ్డాకుల విస్తరి ఒకటి తీసుకొచ్చి, మసి పడకుండా టబ్బు మీద సగానికి మూతలా కప్పి, మళ్లీ పీట మీద కూర్చుంది.

ఏడుపు తగ్గాక చెల్లి చేతులు కడుక్కుని ఫోను తీసుకుంది.

"ఈ మంచులో ఎక్కడికే?" అన్నాను.

"బండ మీదకి. ఆయనకి సెప్పాలి," అంది శాలువా చుట్టుకుంటూ. "మూట మోసినాడు గానీ, ఆయనా సూడనేదు కదక్కా."

అది వెళ్లిపోయింది. బడి వెనక దారిలో మంచులోకి కలిసిపోయేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. లోపలికి వచ్చి విస్తరి తీస్తే టబ్బులో కొన్ని పిల్లలు ఇంకా పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. జిడ్డు పొర ఎలా తీయాలో చెల్లి పొద్దున బండ దిగొచ్చినప్పుడే చెప్పింది. పాత పేపరు కాగితం నీళ్ల మీద పరిచి ఎత్తాను, పొర కాగితానికి అంటుకుని వచ్చింది. ఇంకోటి పరిచాను. కంపు గుప్పుమంది. కొంగు నడుముకి దోపుకుని, మణికట్టు దాకా చెయ్యి పెట్టి, మిగిలిన చచ్చినవాటిని తీయడం మొదలుపెట్టాను. ఒక్కొక్కదాన్నీ వెలుతురు వైపు తిప్పి చూశాకే ఆకు మీద పెట్టాను.